నేను బోర్లించిన చిప్ప

మద్రాసులో వాన మొదలైతే ఆ కబురు తంతి తీగ మీద గడియలో రాజమండ్రి చేరిపోతోందని మొన్న రేవులో ఒక పెద్దమనిషి గొప్పగా చెప్పాడు. ఆ తీగను తానే లాగినట్టు చెప్పాడు. నేను పడవలో నీళ్లు తోడుకుంటూ విన్నాను కానీ ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఉన్నదల్లా ఒక పాత సంగతి, అదీ నా తప్పు గురించినది. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. వీధిబడి పంతులు ఇసుకలో దిద్దించిన అక్షరాలు చచ్చేలోగా ఒక్క పనికైనా వస్తాయేమో చూద్దామని ఇప్పుడు రాస్తున్నాను.

మాది సఖినేటిపల్లి రేవు. వశిష్ఠ గోదావరికి ఇవతల మేము, అవతల నర్సాపురం. మా నాన్న ఆ రేవు దాటించే పడవ నడిపేవాడు. మనుషులు, మేకలు, ధాన్యం బస్తాలు, పెళ్లిబృందాలు అన్నీ మా పడవలోనే దాటేవి. సర్కారు తపాలు సంచీ అలాగే దాటేది. అప్పట్లో తపాలు అంచెల మీద నడిచేది. ఒకడు సంచి భుజాన వేసుకుని నాలుగైదు కోసులు పరుగెత్తి ఇంకొకడికి అందిస్తాడు, వాడు మరొకడికి. అలా మద్రాసులో బయలుదేరిన సంచి నెల్లూరు, ఒంగోలు, బందరు దాటి ఎందరి భుజాల మీదో ఊగి మా రేవుకు వచ్చేది. అంచె మనిషి చేతికర్రకు గజ్జెలు ఉండేవి. అవతలి గట్టున గజ్జెలు వినపడితే చేతిలో ముద్ద వదిలేసైనా పడవ తీయాలి.

సంచితో పాటు నోటి కబుర్లు కూడా భుజం మారేవి. ఎక్కడ వాన, ఎక్కడ ఎండ, ఏ ఏరు పొంగింది, ఇవన్నీ ఒకడికొకడు చెప్పుకుంటూ వచ్చేవారు. నాన్న ఆ కబుర్లు పట్టుకున్నాడు. బందరు దాటి ఎరగని మనిషి, దేశం మొత్తం ఆకాశాన్ని ఇంట్లో పెట్టుకున్నాడు. రేవు పాకలో ఒక తాటి దూలం మీద ఎండు కొబ్బరి చిప్పలు వరసగా పేర్చాడు. ఈ చివర మద్రాసు, తర్వాత నెల్లూరు, ఒంగోలు, బందరు. మధ్యలో మేము. మాకు ఆ పక్కన కాకినాడ, విశాఖపట్నం, గంజాం, ఆ చివర కలకత్తా. పై గోదావరి నుంచి తెప్పల మీద కలప తెచ్చేవాళ్లు చెప్పే కబురు కోసం భద్రాచలం చిప్ప ఒకటి విడిగా ఉండేది. వాన పడుతున్న ఊరి చిప్ప వెల్లకిలా, తెరిపి ఇచ్చిన ఊరి చిప్ప బోర్లా. అంతే ఆయన శాస్త్రం.

"దేశవంతా నీ చిప్పల్లోనే ఉంది, నాకు గరిటె చేసుకోడానికి మాత్రం ఒక్కటి లేదు" అని అమ్మ సాధించేది.

ఎగతాళి మా ఇంట్లోనే. ఊళ్లలో ఆ చిప్పలంటే గురి. ముఖ్యంగా మార్గశిరంలో. ఆనకట్ట నీళ్లు ఇంకా మా వైపు రాని రోజులవి, ఏడాదికి ఒక్క పంట, అదీ వాన దయ. కోతల వేళకు ఆ వానే శత్రువు అవుతుంది. కోసిన వరి పనలు నాలుగైదు రోజులు చేలోనే పరుచుకుని ఎండాలి, ఆ తర్వాతే కట్టలు కట్టి కుప్ప వేస్తారు. నిలబడ్డ చేను గాలివానకు పడిపోయినా ఎంతో కొంత దక్కుతుంది. కోసి పరిచిన పన తడిస్తే గింజ మొలకెత్తి పోతుంది, నీళ్లు నిలిస్తే పనే కొట్టుకుపోతుంది. అందుకని మలికిపురం నుంచి అంతర్వేది దాకా రైతులు కొడవళ్లకు కక్కు కొట్టించుకుని, కోతకు దిగే ముందు మా రేవుకు వచ్చి చిప్పల వైపు చూసేవారు. ఈ నాలుగు రోజులూ ఎలా ఉంటుందని నాన్నను అడిగేవారు. దక్షిణాన చిప్పలు ఒక్కొక్కటే వెల్లకిలా పడుతూ మా వైపు వస్తుంటే నాన్న కోయొద్దనేవాడు. ఒక్కొక్కటే బోర్లా పడుతుంటే కోయమనేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. కానప్పుడు ఎవరూ ఆయన్ని ఏమీ అనేవారు కారు, అది నాకు ఇప్పటికీ వింతే.

నాన్నకు ఒక పద్ధతి ఉండేది. అంచె మనిషిని ఏనాడూ వాన గురించి తిన్నగా అడిగేవాడు కాదు. "తలపాగా ఎక్కడ పిండుకున్నావయ్యా?" అనేవాడు. "బురద వదిలి దుమ్ములో అడుగెట్టింది ఏ ఊరి దగ్గర?" అనేవాడు. "నీకు సంచి ఇచ్చినోడి పంచె తడిగా ఉందా, పొడిగా ఉందా?" అనేవాడు. ఒక్క వానకు ఇంత చుట్టు తిరగడమేమిటని నాకు విసుగొచ్చి ఒకసారి అడిగేశాను. నాన్న తెడ్డు ఆపకుండానే చెప్పాడు.

"మన వైపు మనిషి కాదనడురా. తెరిపిచ్చిందా అంటే ఆయ్ అంటాడు. వానగా ఉందా అన్నా ఆయ్ అంటాడు. అది అబద్ధం కాదు, మర్యాద. మర్యాదని నమ్ముకుని చేలు కోస్తావా?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

నాకన్నా అయిదేళ్లు పెద్దదైన అక్కను అంతర్వేది దారిలో, సముద్రానికి దగ్గరగా పల్లపు చేను ఉన్న ఇంటికి ఇచ్చారు. బావగారు మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. పని ఎక్కువైనంత మాత్రాన భూమి పండాలని ఎక్కడా లేదు. వరసగా రెండేళ్లు పంట పోయింది, ఒకసారి ఉప్పునీరు ఎక్కి, ఒకసారి చేను వెన్ను మీద ఉండగా గాలివాన కొట్టి. ఆ రోజుల్లో నర్సాపురంలో ఒక మేస్త్రీ తిరుగుతుండేవాడు. సముద్రం అవతల చెరుకు తోటల దీవి ఉందనీ, ఆడామగా వెళ్లి పని చేసుకుంటే తిండికి లోటు లేదనీ చెప్పి మనుషుల్ని మద్రాసు పంపి అక్కడ ఓడ ఎక్కించేవాడు. అలా వెళ్లినవాళ్లలో ఒక్కరైనా తిరిగి రావడం మేం చూడలేదు. బావగారు ఆ మేస్త్రీతో మాట్లాడి వచ్చారు. ఈ ఏడు కూడా గింజ ఇంటికి చేరకపోతే వెళ్లిపోదామన్నారు.

అక్క ఆ మాట నాకు మా రేవు మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఒడిలో మూడేళ్ల కూతురు నిద్రపోతోంది.

"నేను పోలేన్రా తమ్ముడూ. అక్కడ చస్తే ఏ నీళ్లలో కలుస్తానో కూడా తెలీదు. ఈ ఒక్క పంట దక్కితే ఆయన ఊరుకుంటారు. కోతకి ముందు నాన్ననీ నిన్నూ అడుగుతాం, సరిగ్గా చూసి చెప్పండిరా."

చూసి చెబుతామన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో తెలియదు.

ఆ ఏడు చేను బాగా పండింది. అదే పాపం. అంత బాగా పండకపోతే అంత ఆశ ఉండేది కాదు. మార్గశిరం ఒక వారం గడిచేసరికి వెన్నులు బంగారం రంగు దాటి గోధుమ రంగుకు తిరిగాయి, గాలి కదిలితే గింజ రాలుతోంది. వారంలో పౌర్ణమి, ఆ పోటుకు ఉప్పునీరు కాలవ ఎక్కుతుందని భయం. కోస్తే ఇప్పుడే కోయాలి. కానీ దక్షిణాన మద్రాసు, నెల్లూరు, ఒంగోలు, బందరు నాలుగు చిప్పలూ వెల్లకిలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నాన్నకు చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, ఏవేవో పలవరించేవాడు. పడవా, చిప్పలూ నా చేతికి వచ్చాయి. నాకు అప్పటికి ఇరవై నిండాయి, తెడ్డు పట్టి ఆరేడేళ్లయింది, అన్నీ తెలుసనుకునే వయసు.

జ్వరం పట్టిన మూడో రోజు పొద్దున్న బావగారూ అక్కా వచ్చారు. వాళ్లతో ఇంకో అయిదారుగురు రైతులు. మా దగ్గర ఆకాశం తేటగా ఉంది. తూర్పుగాలి మాత్రం కాస్త తడిగా తగులుతోంది. అందరూ పాకలో చిప్పల ఎదుట కూర్చుని బందరు కబురు కోసం ఎదురుచూస్తున్నారు. పొద్దు బారెడు ఎక్కాక అవతలి గట్టున గజ్జెలు మోగాయి. నేను పడవ తీశాను.

ఆ అంచెకు కొత్తగా వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పడవ అంచున ఒదిగి కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. సంచి చుట్టూ మైనపుగుడ్డ కట్టి ఉంది. ఆ ముడి తాడు నీళ్లు తాగి ఉబ్బి ఉంది. నేను చూశాను. చూశాను కానీ నా బుర్ర అప్పటికే ఇవతలి గట్టుకు చేరిపోయింది, అక్క మొహం ఎలా వెలుగుతుందా అని. ఏటి మధ్యలో ఒక్క ముక్క అడగలేదు. మంచి మాట అందరి ముందూ వినిపించాలి, అదీ నా నోటి మీదుగా వినిపించాలి, అని మనసులో ఒక గొప్ప.

గట్టు మీద దిగగానే అందరూ వింటుండగా అడిగాను.

"బాబాయ్, బందరులో తెరిపిచ్చేసింది కదూ?"

ఆయన నా వైపు చూశాడు, నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుల వైపు చూశాడు.

"ఆయ్. తెరిపేనండి."

"ఇంక వాన లక్షణం ఏం లేనట్టేగా?"

"ఆయ్. లేనట్టేనండి."

ఆయన గజ్జెల కర్ర ఊపుకుంటూ రాజోలు దారి పట్టాడు. నేను పాకలోకి వెళ్లి, అందరూ చూస్తుండగా బందరు చిప్పను బోర్లించాను. మద్రాసు, నెల్లూరు, ఒంగోలు కబురు తెలియకపోయినా, బందరే తెరిపిచ్చాక వాటి సంగతి ఎవరికి కావాలని అన్నాను. బావగారు పెద్దగా నవ్వే మనిషి కాదు, ఆ రోజు నవ్వారు. అక్క చిప్ప వైపు చూసి, నా వైపు చూసి, కొంగు బిగించుకుని బావగారి వెనకే నడిచింది. ఇంట్లోకి వెళ్లి నాన్నకు చెబుదామంటే ఇప్పుడే కునుకు పట్టింది లేపొద్దంది అమ్మ. నాకూ అదే కావాలి.

ఆ మధ్యాహ్నమే కోతలు మొదలయ్యాయి. మర్నాటికి చేను మొత్తం పనలై పరుచుకుంది. ఎండ కూడా బాగానే కాసింది. ఆ రెండు రోజులు నా అంత సంతోషంగా ఉన్నవాడు రేవులో లేడు.

మూడో రోజు పొద్దున్న నాన్నకు జ్వరం జారింది. గోడకు చేరగిలబడి గంజి తాగుతూ చిప్పల సంగతి అడిగాడు. నేను చెప్పాను. ఎలా అడిగావన్నాడు. అడిగినట్టే చెప్పాను. గంజి ముంత కింద పెట్టాడు.

"సంచి ఎలా ఉందిరా?"

"మైనపుగుడ్డ చుట్టి ఉంది."

"ముడి?"

"ఉబ్బి ఉంది నాన్నా" అన్నాను.

"ఆడు పొడినేల మీదే పరిగెట్టుకొచ్చేడు. సంచి మాత్రం వానలోంచి వచ్చింది. గుడ్డ ఇప్పలేదంటే వెనకాల ఇంకా పడతానే ఉందన్నమాట. పరిగెట్టు. తడో పొడో, పనలు కట్టలు కట్టి గట్టెక్కించమని చెప్పు."

పరుగెత్తాను. మా రేవు నుంచి అక్క వాళ్ల చేను మూడు కోసుల పైమాటే. నా చేతిలో గజ్జెల కర్ర లేదు కానీ నేనూ అంచె మనిషినే, వాన కన్నా వెనకబడ్డ అంచె మనిషిని. సగం దారిలోనే ఈశాన్యం నల్లబడింది. కొబ్బరి మట్టలు ఒకవైపుకే దువ్వినట్టు వంగిపోయాయి. అంతర్వేది వైపు సముద్రం హోరు, ఎప్పుడూ వినపడేది కాదు, దగ్గరికొచ్చి మాట్లాడుతున్నట్టు వినపడింది. నేను చేరేసరికి అక్కా బావగారూ, వాళ్ల అత్తగారూ అప్పటికే పనలు మోస్తున్నారు. ఆకాశం చూశాక వాళ్లకు నేను చెప్పేదేముంది. నేనూ మోశాను. పది మోపులు గట్టెక్కించామో లేదో వాన కమ్మేసింది. అక్క తల మీద మోపును గాలి ఎగరేసుకుపోయింది. ఆమె దాని వెంట పరుగెత్తి పడి, లేచి, మళ్లీ పరుగెత్తింది. బావగారు రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చారు.

తెల్లారి చూస్తే చేలో నడుములోతు నీళ్లు. నోట్లో వేసుకుంటే ఉప్పు. పనలు ఎటు పోయాయో తెలియదు. గట్టెక్కించిన పది మోపులు తడిసి ముద్దయ్యాయి, అయిదో రోజుకు ఒక్కో గింజకూ తెల్లటి మొలక. అక్క అవి ఒళ్లో పోసుకుని మొలకలు గిల్లి తీస్తూ కూర్చుంది. గిల్లినా ఉపయోగం లేదని ఆమెకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడిచే ముఖం లేక పశువుల పాకలోకి పోయి ఏడిచాను.

నన్ను ఎవరూ తిట్టలేదు. ఆకాశాన్ని ఎవరు పట్టగలరు అన్నారు బావగారు. రైతులు అంచె మనిషిని తిట్టుకున్నారు. నాన్న ఒక్కడికే తెలుసు, ఆయన ఎవరికీ చెప్పలేదు. నాతోనూ మళ్లీ ఎత్తలేదు. ఒక రోజు పాకలోకి వెళ్లి దూలం మీది చిప్పలన్నీ గంపలోకి ఎత్తి, పొయ్యి దగ్గర అమ్మ ముందు పెట్టాడు. ఇన్నాళ్లూ సాధించిన అమ్మ, వాటిని పొయ్యిలో పెట్టేటప్పుడు కళ్లు తుడుచుకుంది.

ఆ అంచె మనిషి మళ్లీ వచ్చినప్పుడు ఏటి మధ్యలో పడవ ఆపి నిలదీశాను. ఎందుకు ఆయ్ అన్నావని అడిగాను. ఆయన బెదిరిపోలేదు, ఆశ్చర్యపోయాడు.

"తవరు అంతమందిలో అలా అడిగేక కాదని ఎలా అంటానండీ? అయినా నాకేం తెలుసండి. నాకు సంచి అందించినోడు వానలో తడిసి వణుకుతా ఇచ్చేడు. ఆ మాట తవరు అడగలేదండి."

అడగలేదు. తెడ్డు తిప్పి ఆయన్ని గట్టున దింపాను.

పుష్యమాసం చివర, మంచు ఇంకా విడని ఒక పొద్దున్న అక్కా వాళ్లు బయలుదేరారు. నర్సాపురం రేవులో మద్రాసు వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది. నాన్న పడవ తీయలేనన్నాడు. నేనే తీశాను. ఒక గుడ్డల మూట, ఒక సత్తు చెంబు, పాపకు దారిలో తినడానికి నాలుగు కొబ్బరికాయలు, అంతే వాళ్ల సామాను. బావగారు ముందు కూర్చుని నర్సాపురం వైపే చూస్తున్నారు. అక్క, ఆ రోజు అంచె మనిషి కూర్చున్న చోటే, పడవ అంచున పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏరు సగం దాటాక పాప తల మీద కొంగు కప్పింది.

"ఓడ కదిలేనాటికి గాలి సర్దుకుంటుంది కదరా?" అంది.

దక్షిణాన ఏముందో నాకు తెలియదు. చిప్పలు లేవు. నాన్న పడవలో లేడు. ఆమె మొహం చూసి వేరే మాట నోటికి రాలేదు.

"ఆయ్ అక్కా. సర్దుకుంటుంది."

అక్క నా వైపుకు జరిగింది. తర్వాత బావగారికి వినపడకుండా అంది.

"నేనూ ఆ రేవులో పుట్టినదాన్నేరా. ఆ రోజు నువ్వు అడిగిన తీరు నేనూ విన్నాను. నాన్న అలా అడగరని నాకూ తెలుసు. నాకూ ఆ మాటే కావాల్సొచ్చింది, ఊరుకున్నాను. నువ్వు ఒక్కడివే మొయ్యకు."

ఆ మాటతో నా భారం తగ్గుతుందని అనుకుని ఉంటుంది. తగ్గలేదు. ఆమెకూ తెలుసన్న బరువు ఇంకొకటి వచ్చి చేరింది. పడవ గట్టుకు తగిలింది. పాప దిగనని మారాం చేసింది. బావగారు ఎత్తుకుని దింపారు.

ఆ తర్వాత దక్షిణం నుంచి వచ్చిన ప్రతి అంచె మనిషినీ అడిగాను, నాన్న పద్ధతిలోనే అడిగాను. మద్రాసు రేవులో ఏ ఓడ ఎప్పుడు కదిలింది, సంచి ఇచ్చినవాడు సముద్రం గురించి ఏమన్నాడు, చెరుకు దీవి నుంచి వచ్చినవాణ్ని ఎవరైనా కళ్లతో చూశారా. ఎవరూ చూడలేదు. నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఆ అంచె మనుషులూ పోయారు. అక్క బతికుంటే ఆమె కూతురికి ఈపాటికి మనవలు ఉండాలి.

మొన్న తీగ గురించి చెప్పిన పెద్దమనిషి రాజమండ్రిలో ఉద్యోగం ఉన్నవాడు, నాలుగు చోట్లకు కబురు పంపగలవాడు. ఆయన దిగే ముందు, మా అక్క సంగతి ఒకసారి కనుక్కుంటారా అని అడుగుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అడిగితే ఆయన ఆయ్, తప్పకుండా కనుక్కుంటానండి అంటాడు. అందుకని అడగలేదు. దిగడానికి చెయ్యి అందించాను.